తలుపు తాళం వేసి ఉంది

ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్ల కొలువు చేశాను. అందులో ఏడేళ్లు ఫిర్యాదుల బల్ల దగ్గరే గడిచాయి. పదవీ విరమణ తరువాత అదే బల్లకు ఇవతలి పక్కన నిలబడి, నా ఇంటి ఫోను కోసం, ఇంటర్నెట్టు కోసం ఎదురుచూడటం అలవాటైంది. రెండు వైపులా చూసినవాణ్ణి. పిల్లలూ, అందుకే చెబుతున్నాను.

1. నంబరు లేని ఫిర్యాదు చేయనట్టే లెక్క.

మూడేళ్ల కిందట వానాకాలంలో చెట్టుకొమ్మ విరిగిపడి మా వీధిలో ఫైబరు తీగ తెగింది. రోజూ ఫోన్ చేశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు మర్యాదగా "రేపటికల్లా అయిపోతుంది సార్" అన్నారు. పదకొండో రోజున ఒక అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీ పేరు మీద ఫిర్యాదేమీ లేదండీ" అంది. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఏ రోజు ఎవరితో మాట్లాడానో కూడా రాసుకోలేదు. ఫిర్యాదు అందగానే డాకెట్ నంబరు ఇచ్చి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల్లో ఉంది. ఆ సంగతి తెలిసీ అడగలేదు. ఇప్పుడు ఫోను పక్కనే ఒక నోటుబుక్కు ఉంటుంది. తేదీ, వేళ, మాట్లాడినవారి పేరు, డాకెట్ నంబరు, ఎప్పటికి బాగుచేస్తామన్నారో ఆ మాట అందులో రాస్తాను.

2. "పరిష్కారమైంది" అన్న మాటను కళ్లతో చూశాకే నమ్మండి.

ఇది నేను చేసిన తప్పు గురించి. 1980ల మాట. మా ఊళ్లో ఒక రిటైర్డు మాస్టారి అబ్బాయి గల్ఫులో ఉండేవాడు. అక్కడ శుక్రవారం సెలవు కనుక ఆ రోజే ఫోన్ చేసేవాడు. మాస్టారి లైను పోయింది. ఫిర్యాదు రాసుకున్నాను. లైన్‌మ్యాన్లందరూ పెద్ద కేబుల్ తెగిన చోట ఉన్నారు. నెలాఖరు. పెండింగులు ఎక్కువ కనిపిస్తే పైనుంచి చీవాట్లు. ఆ చీటీ మీద "డోర్ లాక్డ్" అని రాసి మూసేశాను. తలుపు తాళం వేసి ఉంది, అందుకే పని జరగలేదు అని దాని అర్థం. ఆ ఇంటికి ఎవరూ వెళ్లనే లేదు.

రెండు శుక్రవారాలు గడిచాక మాస్టారు గొడుగు వేసుకుని ఎక్స్ఛేంజీకి వచ్చారు. "బాబూ, నేనూ మా ఆవిడా గడప దాటలేదు. ఫోను పక్కనే కూర్చున్నాం. తలుపు ఎప్పుడు తాళం వేసి ఉంది?" అన్నారు. గొంతు పెంచలేదు. "లైన్‌మ్యాన్‌ని కనుక్కుంటానండీ" అన్నాను. తప్పు నాది, నింద మరొకడి మీద వేశాను. ఆ సాయంత్రమే లైను బాగుచేయించాను గానీ, నిజం మాత్రం ఆయన బతికుండగా చెప్పలేకపోయాను. ఈనాడు నా సెల్లుకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని సందేశం వస్తే నాకు ఆ గొడుగే గుర్తొస్తుంది.

3. చిన్న మొత్తం చిన్నది కాదు.

మా ఆవిడ ఫోనులో అడగని కాలర్ ట్యూన్ ఒకటి వచ్చి చేరింది. నెలకు కొద్ది రూపాయలే కదా అని ఏడాది పాటు ఊరుకున్నాను. అలాంటి సేవ మొదలుపెట్టే ముందు వినియోగదారు నుంచి రెండోసారి కూడా ఒప్పుదల తీసుకోవాలి. ఆపించడానికి 155223 ఉంది. రీచార్జి చేయించగానే బ్యాలెన్సు చూసుకోండి.

4. మొదటి మెట్టు దగ్గర ఆగిపోవద్దు.

కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి విసిగిపోయి వదిలేసేవారే ఎక్కువ. పై మెట్టు కంపెనీలోనే ఉంది. దాని పేరు అప్పీలు అధికారి. గడువు దాటినా, జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ నియమాలు పెడుతుంది గానీ ఒక్కొక్కరి ఫిర్యాదునూ విచారించదు. అక్కడికి ఉత్తరాలు రాసి నెలలు పోగొట్టుకున్నవారిని ఎరుగుదును.

ఆ పైన వినియోగదారుల కమిషన్ ఉంది. ఒకప్పుడు నా డిపాజిట్టు తిరిగి రాకపోతే కమిషన్‌కు వెళదామనుకున్నాను. 2009లో సుప్రీంకోర్టు టెలిఫోన్ వివాదాలు అక్కడికి రావని చెప్పిందని వకీలు వారించారు. మానేశాను. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, ఆ తలుపు మూసి లేదని తేల్చింది. నా గడువు అప్పటికే దాటిపోయింది. మీకు ఆ అడ్డు లేదు. అయిదు లక్షల రూపాయల లోపు విషయమైతే రుసుము కూడా లేదు. ఎటు వెళ్లాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగండి.

5. కోపంలో వెతికిన నంబరు దొంగ ఇంటికి చేరుస్తుంది.

నా స్నేహితుడు నెట్టు పోయిందన్న చికాకులో కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్లో వెతికాడు. పైన కనిపించిన నంబరుకే చేశాడు. అవతలివాడు ఎంతో ఓపికగా మాట్లాడి ఒక యాప్ వేయించాడు. గంటలో ఖాతా ఖాళీ. నంబరు బిల్లు మీదా కంపెనీ యాప్‌లోనూ ఉంటుంది. అక్కడిదే వాడండి. పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచుకోకండి, ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. నా స్నేహితుడు మరునాడు గానీ చెప్పలేదు.

6. పని అయ్యాకే ఓటీపీ.

మొన్న వేసవిలో మళ్లీ మోడెం మీద ఎర్ర దీపం వెలిగింది. ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది. తీగ చూసి, "సార్, ఓటీపీ చెప్పండి. మెషీను ఇంకోచోట ఉంది, సాయంత్రం వచ్చి అతికిస్తాను" అన్నాడు. ఆ ఓటీపీ చెబితే ఫిర్యాదు మూసుకుపోతుంది. గడువు దాటితే జీతంలో కోత పడుతుందని అతనే చెప్పాడు. అబద్ధం ఆడుతున్నాడని నేననుకోలేదు. ఆ నెలాఖరు ఒత్తిడి నాకు తెలుసు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి.

మంచినీళ్లిచ్చాను. "ఓటీపీ ఇవ్వను నాయనా, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను, రా" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లాడు. ఎనిమిదింటికి మెషీనుతో వచ్చాడు. నేను టార్చి పట్టుకుంటే మెట్ల మీద కూర్చుని అతికించాడు. ఎర్ర దీపం ఆరి, పచ్చది వెలిగింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, నాలుగంకెలూ ఒక్కొక్కటే చదివి వినిపించాను.