కలకత్తాలో మోగిన నోకియా: యోర్మా ఓలిలా వృత్తి జీవితం

ఈ పాఠం ఎందుకు?

ఈ పాఠం చదివిన తరువాత ఒక వ్యక్తి వృత్తి జీవితాన్ని వరుసక్రమంలో చెప్పగలగాలి. ఆయన తీసుకున్న నిర్ణయాల మంచి చెడ్డలను సొంత మాటల్లో చర్చించగలగాలి. సంవత్సరాలను కంఠస్థం చేయవలసిన పని లేదు. కారణాలు గుర్తుంటే చాలు.

1. ఒక ఫోను పిలుపు

1995 జూలై 31. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ అప్పట్లో పశ్చిమ బెంగాల్ సచివాలయం. (ఆ నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారింది.) ముఖ్యమంత్రి జ్యోతిబసు చేతిలో తీగ లేని చిన్న ఫోను ఉంది. ఢిల్లీలోని సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో ఆయన దానిలో మాట్లాడారు. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ అదే. ఆ సేవను నడిపింది మోడీ టెల్‌స్ట్రా అనే సంస్థ. అందులో ఒక భాగస్వామి మన దేశపు మోడీ వర్గం, రెండవది ఆస్ట్రేలియాకు చెందిన టెల్‌స్ట్రా. ముఖ్యమంత్రి చేతిలోని ఫోను, దాని వెనుక పనిచేసిన నెట్‌వర్క్ పరికరాలు మాత్రం ఫిన్లాండు దేశపు నోకియా కంపెనీవి.

ఆ రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. ఇంటికి టెలిఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. మిగిలినవారికి ఎస్‌టీడీ బూత్ దిక్కు. కొత్తగా వచ్చిన సెల్‌ఫోనులో మాట్లాడితే నిమిషానికి 8 రూపాయల 40 పైసలు, రద్దీ వేళల్లో 16 రూపాయల 80 పైసలు. మనకు ఎవరైనా ఫోను చేసినా డబ్బు మనమే కట్టాలి! ఈ పద్ధతి 2003 దాకా సాగింది.

ఇక ఫిన్లాండు సంగతి. ఐరోపా ఉత్తర కొసన మంచులో ఉండే దేశం. ఆనాటి కలకత్తా మహానగర ప్రాంత జనాభాలో సగం కూడా ఆ దేశమంతటా లేదు. అంత చిన్న దేశపు ఫోను కలకత్తాకు ఎలా వచ్చింది? దీనికి జవాబులో పెద్ద భాగం యోర్మా ఓలిలా అనే ఒక మనిషి వృత్తి జీవితంలో దొరుకుతుంది.

2. చదువు, బ్యాంకు ఉద్యోగం

ఓలిలా 1950 ఆగస్టు 15న ఫిన్లాండులోని సెయినాయోకి పట్టణంలో పుట్టారు. మన స్వాతంత్ర్య దినం నాడే పుట్టారన్నది కేవలం యాదృచ్ఛికం, తేదీ గుర్తుంచుకోవడానికి మాత్రం పనికొస్తుంది. ఉపకార వేతనంతో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతానికి వెళ్లి చదువుకున్నారు. తరువాత హెల్సింకిలో రాజనీతి శాస్త్రం, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివారు. 1978లో సిటీబ్యాంకులో చేరారు. ఉద్యోగంలో ఉండగానే 1981లో ఇంజనీరింగ్ పట్టా కూడా పుచ్చుకున్నారు. పని చేస్తూ చదువుతున్న మీకు అందులోని కష్టం వేరే చెప్పనక్కరలేదు. 1985లో బ్యాంకు వదిలి నోకియాలో చేరారు. మరుసటి సంవత్సరమే ఆ కంపెనీ ఆర్థిక వ్యవహారాలు ఆయన చేతికి వచ్చాయి.

3. అమ్మాలా, ఉంచాలా?

నోకియా మొదట ఫోన్ల కంపెనీ కాదు. 1865లో కాగితానికి కావలసిన కలప గుజ్జు మిల్లుగా మొదలైంది. నోకియా అన్నది ఒక ఊరి పేరు. 1967లో రబ్బరు కంపెనీ, కేబుల్ కంపెనీ ఇందులో విలీనమయ్యాయి. కాగితం, రబ్బరు బూట్లు, కేబుళ్లు, తరువాత టీవీలు, కంప్యూటర్లు... ఇలా దొరికిన వ్యాపారమల్లా చేసింది. 1980ల చివరికి అప్పులు, నష్టాలు పెరిగాయి. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. ఫిన్లాండు అంతటా నిరుద్యోగం పెరిగింది.

అంతకుముందే, 1990లో, ఓలిలాకు మొబైల్ ఫోన్ల విభాగం అప్పగించారు. అది ఇబ్బందుల్లో ఉన్న విభాగం. దానిని అమ్మివేయాలా, ఉంచుకోవాలా అన్నది ఆరు నెలల్లో తేల్చమన్నారు. లెక్కలు చూసే మనిషి కనుక అమ్మమంటాడనుకోవడం సహజం. ఆయన సాలో పట్టణంలోని కర్మాగారానికి వెళ్లి, అక్కడి ఇంజనీర్లతో కలిసి పనిచేశారు. నాలుగు నెలల తరువాత చెప్పిన మాట: అమ్మవద్దు.

ఆ ధైర్యం ఎక్కడిది? ఐరోపాలోని చాలా దేశాలు కలిసి జీఎస్‌ఎమ్ అనే ఒకే డిజిటల్ పద్ధతిని ఒప్పుకున్నాయి. అంటే ఒక దేశంలో చెల్లిన ఫోను మరొక దేశంలోనూ చెల్లుతుంది. సొంత మార్కెట్ చిన్నదైన దేశానికి ఇది వరం వంటిది. 1991 జూలై 1న మాజీ ప్రధాని హర్రి హోల్కెరి ఫిన్లాండులో ఈ పద్ధతిలో తొలి ఫోను చేశారు. నాలుగేళ్ల తరువాత జ్యోతిబసు మాట్లాడింది కూడా ఇదే పద్ధతిలో.

1992 జనవరిలో, 41 ఏళ్ల వయసులో, ఓలిలా కంపెనీ అధిపతి అయ్యారు. రబ్బరు, కేబుళ్లు, టీవీలు ఒకటొకటిగా వదిలించుకున్నారు. తాతల నాటి భూమి అమ్మి బావి తవ్వినట్టుంది ఈ పని. నీరు పడింది కనుక మెచ్చుకుంటున్నాం. పడకపోతే ఏమనేవారో ఊహించండి.

అంతా సాఫీగా సాగలేదు. కలకత్తాలో ఫోను మోగిన ఏడాది చివరనే నోకియా చిక్కుల్లో పడింది. గిరాకీ అంచనా తప్పింది. కొన్ని విడిభాగాలు గుట్టలుగా పడి ఉన్నాయి, కొన్ని అసలు దొరకలేదు. షేరు ధర బాగా పడింది. సరుకు రవాణాను, నిల్వలను కొత్తగా సరిదిద్దుకున్నాక కంపెనీ కోలుకుంది. 1998లో అమెరికాకు చెందిన మోటరోలాను దాటి ప్రపంచంలో అతి పెద్ద సెల్‌ఫోన్ల కంపెనీ అయింది.

*ఆగి ఆలోచించండి: ఓలిలా ఫోన్ల విభాగాన్ని అమ్మమని చెప్పి ఉంటే, ఆనాటి లెక్కల ప్రకారం అది తప్పని ఎవరైనా అనగలిగేవారా?*

4. పై నుంచి కిందికి

2003లో వచ్చిన నోకియా 1100 మీరో, మీ ఇంట్లో పెద్దలో వాడే ఉంటారు. దుమ్ము చొరబడని మీటలు, పైన చిన్న టార్చిలైటు. కరెంటు పోయే ఊళ్లను ఎరిగినవారు చేసిన ఫోను అది. ప్రపంచమంతటా దాదాపు 25 కోట్లు అమ్ముడయ్యాయి. ముఖ్యమంత్రి చేతిలో మొదలైన వస్తువు ఎనిమిదేళ్లలో రిక్షా తొక్కేవారి జేబుదాకా వచ్చింది. 2006లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో నోకియా కర్మాగారం కూడా పని ప్రారంభించింది.

ఆ ఏడాదే ఓలిలా ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదిలి, బోర్డు అధ్యక్షుడిగా 2012 దాకా కొనసాగారు. 2006 నుంచి 2015 దాకా షెల్ చమురు కంపెనీకి కూడా అధ్యక్షులు. 2007లో ఆపిల్ ఐఫోను వచ్చింది. అప్పటికి లోకంలో అమ్ముడయ్యే ప్రతి పది ఫోన్లలో దాదాపు నాలుగు నోకియావే. అంత బాగా అమ్ముడవుతున్న సింబియన్ సాఫ్ట్‌వేరును వదులుకోవడానికి కంపెనీకి త్వరగా మనసొప్పలేదు. నష్టంలో ఉన్నప్పుడు బూట్లు, టీవీలు వదలడం సులభమని కాదు. లాభంలో ఉన్నదాన్ని వదలడం అంతకంటే కష్టం. ఓలిలా అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే ఈ పతనం మొదలైంది కనుక ఆయన బాధ్యత ఏమీ లేదనడం న్యాయం కాదు.

2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. పన్ను వివాదం వల్ల శ్రీపెరుంబుదూరు కర్మాగారం ఆ అమ్మకంలో చేరలేదు. అదే ఏడాది నవంబరులో మూతపడింది. వేలాది మంది యువతీ యువకులు ఉపాధి కోల్పోయారు. నోకియా మిగలబెట్టుకున్నది నెట్‌వర్క్ పరికరాల వ్యాపారం. 2014 నుంచి 2020 దాకా ఆ కంపెనీని నడిపినవారు మణిపాల్‌లో చదివిన భారతీయ సంతతి ఇంజనీరు రాజీవ్ సూరి.

అర్థాలు

యాదృచ్ఛికం: అనుకోకుండా కలిసి రావడం. విలీనం: ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. గిరాకీ: కొనేవారి కోరిక. పతనం: పడిపోవడం.

మీరు ఎంత నేర్చుకున్నారు?

1. జీఎస్‌ఎమ్ పద్ధతి ఫిన్లాండు వంటి చిన్న దేశానికి ఎందుకు కలిసివచ్చింది? నాలుగు వాక్యాల్లో రాయండి.
2. 1992 తరువాత నోకియా వదులుకున్నవి ఏవి? 2007 తరువాత వదులుకోలేకపోయింది ఏది? రెండింటికీ తేడా ఏమిటి?
3. శ్రీపెరుంబుదూరులో పని పోయిన ఒక కార్మికురాలు ఓలిలా వృత్తి జీవితం గురించి రాస్తే ఎలా రాస్తుంది? ఒక పేరా రాయండి.