ఆహార్యం – ఆంతర్యం

భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పాడు. ఆంగికం, వాచికం, సాత్త్వికాలతోపాటు ఆహార్యాన్ని కూడా అభినయంగానే పరిగణించాడు. పాత్ర ధరించే వస్త్రాలు, ఆభరణాలు, చేసుకునే అలంకరణ ఆహార్యం కిందికి వస్తాయి. పాత్రధారి రంగస్థలం మీద పెదవి విప్పకముందే అతడు రాజో, సేవకుడో, తాపసో ప్రేక్షకులకు తెలిపేది ఆహార్యమే. నిత్యజీవితంలోనూ అంతే. మనిషి కన్నా ముందు అతని వస్త్రం మాట్లాడుతుంది.

ఈ సంగతి మన కవులకు బాగా తెలుసు. విరాటుని కొలువులో ప్రవేశించే ముందు పాండవులు ఎవరు ఏ వేషం ధరించాలో ముందుగానే నిర్ణయించుకున్నారు. ధర్మరాజు కంకుభట్టయ్యాడు. గాండీవం పట్టిన అర్జునుడు బృహన్నల అయ్యాడు. వారికి వేషం ఆత్మరక్షణ సాధనం. శ్రీనాథుని విషయం వేరు. కర్ణాటక రాజసభలో అక్కడి మర్యాదకు తగినట్లు తలకు కుళ్ళాయి, ఒంటికి పెద్ద అంగీ తొడగవలసి వచ్చిందని ఆ మహాకవి వాపోయినట్లు ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. అక్కడ వేషం పరుల మర్యాదకు తలవంచడం.

తనను దాచుకోవడానికి కాక, పరుల మెప్పు కోసమూ కాక, తాను నమ్మినదానిని లోకానికి చాటడానికే వస్త్రాన్ని ఎన్నుకున్నవారు ఆధునిక భారతదేశ చరిత్రలో ఇద్దరు ప్రముఖంగా కనిపిస్తారు. ఒకరు మహాత్మాగాంధీ, మరొకరు డాక్టర్ అంబేద్కర్. మన ఊళ్ళ కూడళ్ళలో వారి విగ్రహాలను చూస్తూనే ఉంటాం. ఒకరిది కొల్లాయి, చేతికర్ర. మరొకరిది కోటు, టై, చేతిలో పుస్తకం. ఆ రూపాలకు మన కళ్ళు ఎంతగా అలవాటుపడ్డాయంటే, అవి ఒకనాడు ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయాలన్న సంగతే మనకు తోచదు.

గాంధీజీ పుట్టుకతోనే కొల్లాయి కట్టినవారు కారు. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళిన తొలిరోజులలో ఆయనకు దొరబాబు కావాలన్న కోరిక బలంగా ఉండేది. బాండ్ వీధిలో పది పౌండ్లు పోసి సూటు కుట్టించుకోవడం, పందొమ్మిది షిల్లింగులు పెట్టి పొడవాటి టోపీ కొనడం, టై ముడి కోసం రోజూ అద్దం ముందు పది నిమిషాలు గడపడం ఆయనే ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు. ఆ మోజు మూడు నెలలలో తగ్గిందిగాని, దుస్తుల పట్టింపు మాత్రం చాలా ఏళ్ళు ఆయనను విడవలేదు. విడవకపోవడమే మంచిదయిందేమో! వస్త్రానికి ఉన్న శక్తి తెలియనివారు దానిని ఆయుధంగా మలచుకోలేరు.

1893లో డర్బన్ న్యాయస్థానంలో తలపాగా తీయమన్నందుకు, తీయకుండా ఆయన బయటికి నడిచారు. 1913లో దక్షిణాఫ్రికా సమ్మెలో కాల్పులకు బలియైన కూలీలకు సంతాపసూచకంగా సూటు విడిచి, ఒప్పందపు కూలీల వేషం ధరించారు. నేటాల్‌లోని ఆ కూలీలలో తమిళులతోపాటు తెలుగువారూ ఎందరో ఉన్నారు.

అసలు మలుపు 1921లో వచ్చింది. ఆ సంవత్సరం బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. సెప్టెంబరు 14న వాల్తేరు స్టేషనులో గాంధీజీ కళ్ళ ఎదుటే మౌలానా మహమ్మదలీని పోలీసులు నిర్బంధించారు. ఆ వెంటనే సభలో మాట్లాడుతున్నప్పుడే టోపీ, చొక్కా తీసివేయాలనిపించిందనీ, అది కేవలం సంచలనంగా కనిపిస్తుందేమోనని ఆగిపోయాననీ ఆయన తరువాత రాశారు. విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగి గమనించాలి. భావోద్వేగం కలిగిన క్షణంలోనే ఆయన వేషం మార్చలేదు. దక్షిణాది పర్యటనలో ఖద్దరు ధరించండని కోరినప్పుడు, కొనడానికి డబ్బు లేదని పేదలు చెప్పిన సమాధానం ఆయనను కలచివేసింది. చాలినంత గుడ్డ లేకపోతే గోచీతోనైనా సరిపెట్టుకొమ్మని చెప్పవలసి వస్తే, ఆ మాట నిండుగా బట్టలు కట్టుకున్నవాడు చెప్పవచ్చునా? సెప్టెంబరు 22న మదురైలో ఆయన కొల్లాయి కట్టి జనం ముందుకు వచ్చారు. మొదట అక్టోబరు నెలాఖరు వరకే అనుకున్న ఆ నియమం 1948లో చివరి శ్వాస వరకు కొనసాగింది.

అయితే ఒక సందేహం కలుగుతుంది. చొక్కా విప్పివేయడం త్యాగం కావాలంటే, ముందు చొక్కా తొడిగే హక్కు ఉండాలి కదా! ఆ హక్కే లేనివారి మాటేమిటి? చండాలురు శవాల మీది వస్త్రాలనే ధరించాలని మనుస్మృతి విధించింది. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు తమ ఎదను కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు పోరాడితే, 1859లో గాని రాజశాసనం వారికి అనుమతి ఇవ్వలేదు. మన గ్రామాలలోనూ ఎవరు చెప్పులు తొడగాలో, ఎవరు పంచె మోకాలి కిందికి కట్టాలో కులమే నిర్ణయించిన కాలం ఉంది. అటువంటి సమాజం నుండి వచ్చినవారికి నిండైన వస్త్రం ఆడంబరం కాదు, మానవత్వపు ప్రకటన.

అంబేద్కర్ కోటును ఈ వెలుగులోనే చూడాలి. కొలంబియా విశ్వవిద్యాలయంలోను, లండన్‌లోను చదివి 1917లో బరోడా కొలువులో చేరినా, ఆయనకు ఆ ఊరిలో తల దాచుకునే చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక సత్రంలో దిగితే, పదకొండవనాడు కర్రలు పట్టుకుని వచ్చినవారు వెళ్ళగొట్టారు. ఆ దుఃఖాన్ని ఆయనే అక్షరబద్ధం చేశారు. సూటు కులాన్ని చెరిపివేయదని ఆయనకంటే బాగా తెలిసినవారు లేరు. అయినా దానిని విడవలేదు. నా స్థానాన్ని మీరు నిర్ణయించలేరు అని ఆ కోటు ప్రతిదినమూ చెబుతూ వచ్చింది.

ఆ మాటను ఆయన తనకే పరిమితం చేసుకోలేదు. 1927 డిసెంబరులో మహాడ్‌లో స్త్రీలను ఉద్దేశించి ప్రసంగిస్తూ, అగ్రవర్ణ స్త్రీల వలెనే చీర కట్టండని ఉద్బోధించారు. బట్టకు అతుకులున్నా ఫరవాలేదు, శుభ్రంగా ఉంటే చాలునన్నారు. ఆ మాట విన్న స్త్రీలు వెంటనే చీర కట్టే తీరును మార్చుకున్నారు. ఆ రోజు మహాడ్‌లో ఎవరూ ఖరీదైన వస్త్రం కొనలేదు. ఉన్న చీర కుచ్చెళ్ళు పాదాల దాకా దిగాయి, అంతే. కాని ఆ కొద్దిపాటి మార్పు వెనుక శతాబ్దాల నిషేధం కూలింది.

1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో ఈ ఇద్దరూ పాల్గొన్నారు. ఆ లండన్‌లోనే ఒకనాడు టై ముడికి కుస్తీపట్టిన వ్యక్తి, ఇప్పుడు కొల్లాయితో, శాలువతో చక్రవర్తి విందుకు బకింగ్‌హామ్ ప్రాసాదం మెట్లెక్కారు. అంబేద్కర్ సమావేశంలో సూటుతోనే కూర్చున్నారు. అంతకు కొద్దికాలం ముందు బొంబాయిలో తనను కలిసిన అంబేద్కర్ అస్పృశ్యుడని గాంధీజీకి తెలియదనీ, అస్పృశ్యుల పట్ల శ్రద్ధ గల బ్రాహ్మణుడనుకున్నారనీ మహాదేవ్ దేశాయి దినచర్య వలన తెలుస్తుంది. అస్పృశ్యుల పక్షాన ఎవరు మాట్లాడాలన్న విషయంలో ఇద్దరికీ తీవ్రమైన భేదం ఉంది. ఆ భేదం వారి వస్త్రాలలోనూ కనిపిస్తుంది. ఒకరు లేనివారి వైపు దిగివచ్చారు. మరొకరు లేనివారిని తనతోపాటు పైకి రమ్మన్నారు. వీరిలో ఒకరి వేషం ఒప్పు, మరొకరిది తప్పు అని తేల్చబూనడం నా దృష్టిలో అవివేకం. ఇద్దరి వేషాలు తారుమారైతే రెండూ అర్థరహితమయ్యేవి.

నేటి యువత సినీనటుల చొక్కాలను, క్రీడాకారుల క్షవరాలను అనుకరించడం సహజమే. అందులో పెద్ద దోషం లేదు. అయితే అనుకరణ వేరు, ప్రేరణ వేరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రపరచి, చేతితో సన్నని నూలు వడుకుతారు. ఆ ఖద్దరు ఎంతో శ్రమతో తయారవుతుంది కనుక వెల కూడా అందుకు తగినట్లే ఉంటుంది. దానిని ధరిస్తే వడికే చేతులకు పని దొరుకుతుంది, సందేహం లేదు. కాని పేదవానితో సమానంగా ఉండడానికి గాంధీజీ కట్టిన గుడ్డకూ, స్తోమత ఉన్నవారు ఉత్సవాలకు తొడిగే ఈ గుడ్డకూ అర్థం ఒకటి కాదు. కళాశాలలో తొలిసారి అడుగుపెట్టే కూలీ ఇంటి బిడ్డ, ఉన్న ఒక్క జతనూ రాత్రి ఉతికి, ఉదయం ఇస్త్రీ చేసుకుని వస్తే, ఆ చొక్కా అంబేద్కర్ కోటుకు మరింత దగ్గరిది.

హైదరాబాదులో 2023లోను, విజయవాడలో 2024లోను ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు రెండూ ఆ కోటుతోనే నిలిచాయి. కాని ఆయన ఆ కోటుకు కూడా బందీ కాలేదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధదీక్ష స్వీకరించిన నాడు ఆయన తెల్లని వస్త్రాలు ధరించి వచ్చారు. ఆయన వెంట దీక్ష తీసుకోవడానికి లక్షలాదిగా తరలివచ్చిన జనం కూడా ఆనాడు తెల్లబట్టలే కట్టుకున్నారు.