ఏనుగు తొండం నేర్పిన పాఠం

అమ్మమ్మ బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు ఒకటుంది. దసరా సెలవుల్లో నా చేతిలోనే దాని తొండం విరిగింది. గమ్ముతో అతికించా, రెండ్రోజులకే ఊడింది. అమ్మమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ!

విజయవాడ పక్కనే కదా అని కొండపల్లి వెళ్ళా. అక్కడ బొమ్మలు చేసే పెద్దాయన చూసి, "గమ్ము కాదు బాబూ, మక్కు పెట్టాలి" అన్నారు. మక్కంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. బొమ్మంతా ఒకే చెక్కలోంచి రాదు. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి మక్కుతో కలుపుతారు. మన భాషలో అసెంబ్లీ అన్నమాట. మక్కు సందుల్ని నింపుతుంది, ఆకారం దిద్దడానికీ లొంగుతుంది. ఆరాక సున్నం పూత, దానిపైన రంగులు.

కర్ర తెల్ల పొణికి, చాలా తేలిక. ముందే సన్న సెగ మీద తేమ పోగొట్టాలి, లేదంటే తర్వాత బీటలిస్తుంది. ఈ చెట్లే కొండల్లో తగ్గిపోతున్నాయి. జీఐ గుర్తింపు వచ్చింది గానీ, దాంతో చెట్టు మొలవదుగా!

తొండం నేనే అతికించా, ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే. కాస్త వంకరగా వచ్చింది. అమ్మమ్మ దాన్ని ముందు మెట్టు మీదే పెట్టింది.