సగంలో ఆగిన బొంతను పూర్తి చేద్దాం

పిల్లలూ! 'బొంత' అనే మాట మీలో ఎంతమందికి తెలుసు? పాత నూలు చీరలను పొరలుగా పరచి, వరస కుట్లతో కలిపితే బొంత అవుతుంది. మహబూలాలో బయట ఎంత ఎండగా ఉన్నా, ఇంట్లో ఏసీ చలికి అది పనికొస్తుంది.

ఈ పాఠంలో మనం అతుకుల బొంత గురించి నేర్చుకుందాం. కాగితం ముక్క మీద గుడ్డ మడిచి, ఆరు భుజాల ముక్కలు చేసి, వాటిని అతికే పని ఇంగ్లండులో 18వ శతాబ్దం నుంచే ఉంది. నడుమ ఒక ముక్క, చుట్టూ ఆరు ముక్కలు వచ్చే అమరికను అమెరికాలో 'అమ్మమ్మ పూలతోట' అన్నారు. ఇలా కుట్టిన పైగుడ్డ ఒక్కోసారి అస్తరు వేయకుండానే పెట్టె అడుగున ఉండిపోతుంది.

ముందు లెక్క: సమ షడ్భుజిలో ఒక్కో కోణం 120 డిగ్రీలు. మూడు మూలలు కలిస్తే 360. అందుకే తేనెపట్టు గడుల్లాగే సందు మిగలదు. కాని ఒక్క ముక్క కొలత తప్పినా చుట్టూ ఉన్న ఆరూ ముడత పడతాయి.

ఇక పని:

1. ముందే ఉతకవద్దు. విడి అంచులు పీచులుగా ఊడిపోతాయి. తడిపిన తెల్లగుడ్డ అద్ది, రంగు దిగుతుందేమో చూడండి.

2. వెనుక కాగితాలు ఉంటే పారేయకుండా చదవండి. అవి పాత ఉత్తరాలో, పత్రికలో కావచ్చు. వాటి మీద తేదీ దొరకవచ్చు. ఆరు వైపులా కుట్టు పడిన ముక్కలోని కాగితమే తీయాలి.

3. చిరిగిన ముక్కను ఊడదీయవద్దు. అదే కొలతకు కాగితం కత్తిరించి, చుట్టూ పావు అంగుళం ఎక్కువగా మెత్తని పాత నూలు గుడ్డ తీసుకోండి. అంచులు మడిచి ఇస్త్రీ చేసి, కాగితం తీసేసి, చిరుగు మీదే పెట్టి సన్నగా కుట్టండి. నూలు దారమే వాడండి. నైలాన్ దారం పాత గుడ్డను కోసేయవచ్చు.

4. కింద అస్తరు, నడుమ పాత చీర, పైన అతుకుల గుడ్డ పరచండి. నడుమ నుంచి అంచులకు వరస కుట్లు వేసుకుంటూ రండి. చివర అంచుపట్టీ కుట్టండి.

చిరిగినవన్నీ తీసేసి కొత్తవి వేస్తే పని త్వరగా అవుతుంది. కాని కుట్టిన చేతి గుర్తు పోతుంది. మనం వేసిన ముక్క కింద పాతది అలాగే ఉంటే, రేపు ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అయితే ఏ ముక్క ఎవరి చీరదో, ఎవరి చొక్కాదో గుడ్డ చెప్పదు; ఊళ్లో ఉన్న పెద్దవాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే అడగాలి.

ఇంటిపని: ఈ శుక్రవారం అమ్మమ్మకో నానమ్మకో వీడియో కాల్ చేసి, ఇంట్లో ఉన్న ఒక పాత గుడ్డ చూపించి, దాని సంగతి అడిగి అయిదు వాక్యాలు తెలుగులో రాయండి. బొంత ఉన్నవాళ్లు మొదలుపెట్టినవారి పేరు, పూర్తి చేసినవారి పేరు, సంవత్సరం చిన్న గుడ్డ మీద తెలుగులో కుట్టి, వెనుక అతికించండి.