ఆన్ ఫ్రాంక్ తర్వాత ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ఆన్ ఫ్రాంక్ డైరీ చదివి, అలాంటిదే ఇంకో పుస్తకం కావాలంటోంది. ఏది ఇవ్వమంటారు?

జవాబు: యూరి ఓర్లెవ్ నవల 'ది ఐలాండ్ ఆన్ బర్డ్ స్ట్రీట్' ఇవ్వండి. 1981లో హీబ్రూలో వచ్చింది, ఇంగ్లిష్ అనువాదం ఉంది. నాజీలు ఖాళీ చేయించిన యూదుల వాడలో, కూలిపోయిన ఇంట్లో పదకొండేళ్ల అలెక్స్ తండ్రి కోసం ఎదురుచూస్తుంటాడు. తోడు ఒక తెల్ల ఎలుక. పై అంతస్తుకు మెట్లు లేవు. తాడు నిచ్చెన కట్టుకుంటాడు, వదిలేసి వెళ్లిన ఇళ్లలో తిండి వెతుక్కుంటాడు. పిల్లలు ముందు ఆ ఉపాయాలకే అతుక్కుపోతారు, చరిత్ర వాటి వెంటే మనసులోకి వెళ్తుంది. నాకు ఈ పుస్తకం అంత ఇష్టం కావడానికి కారణం అదే.

ఓర్లెవ్ 1931లో వార్సాలో పుట్టారు. తల్లిని నాజీలు చంపేశారు. తమ్ముడితో పాటు ఆయన్ని బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి పంపారు. ఆన్ కన్నుమూసిందీ అక్కడే. 1996లో ఆయనకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది.

ఒక్క మాట. అలెక్స్ ఒక జర్మన్ సైనికుణ్ని కాల్చాల్సి వస్తుంది. ఆ అధ్యాయం మాత్రం మీరు పక్కన కూర్చుని చదివించండి.