తల్లి సంకల్పం

1949లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జ్యుడిత్ హ్యూమన్ అనే పసిబిడ్డ పోలియో వలన నడక కోల్పోయింది. బిడ్డను శరణాలయంలో ఉంచమని వైద్యుడు సూచించాడు. తల్లిదండ్రులు అంగీకరించలేదు. వారు చిన్ననాడే కన్నవారిని విడిచి, నాజీల జర్మనీ నుండి వలస వచ్చిన యూదులు. ఎడబాటు ఎట్టిదో ఎరిగినవారు. ఇరుగుపొరుగు పిల్లలతో పాటే తమ కుమార్తె చదవాలని వారు సంకల్పించారు.

ఐదవ యేట తల్లి ఇల్సా ఆమెను బడికి తీసుకువెళ్ళింది. మెట్లపైకి చక్రాల కుర్చీని తానే లాగింది. ఆ కుర్చీ అగ్నిప్రమాద హేతువని ప్రధానోపాధ్యాయుడు నిరాకరించాడు. మెట్లు కట్టినవారి దోషం పసిపాపదైపోయింది! వారానికి రెండున్నర గంటల ఇంటి చదువే ఆమెకు దక్కింది. ఇల్సా ఊరకుండలేదు, ఇతర తల్లులతో కలిసి, చక్రాల కుర్చీలు ప్రవేశించగల ఉన్నత పాఠశాలల కొరకు అధికారులతో పోరాడింది.

1970లో జ్యుడిత్ నగర విద్యామండలిపై దావా వేసి, చక్రాల కుర్చీలోనే ఉపాధ్యాయినిగా తరగతి గదిలో ప్రవేశించింది.