నూలు ధర పెరుగుతుందన్నప్పుడు: ముందస్తు కొనుగోలు లెక్క

షోలాపూర్ తువ్వాళ్లకూ దుప్పట్లకూ పేరు తెచ్చినవారిలో, తరాల క్రితం తెలంగాణ నుండి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీలది పెద్ద పాలు. నేటికీ అనేక కుటుంబాలు కొద్దిపాటి పవర్‌లూమ్‌లతో జీవనం సాగిస్తున్నాయి. నూలు ధర పెరగబోతున్నదన్న మాట బజారులో వినిపించగానే చిన్న కార్ఖానాదారుకు ఒకే సందేహం కలుగుతుంది: అప్పు చేసియైనా ఇప్పుడే కొని నిల్వ చేయాలా, అవసరమైనప్పుడే కొనాలా? ఈ ప్రశ్నకు వదంతి కాదు, లెక్కయే సమాధానం చెప్పాలి.

ధర ఎందుకు మారుతుంది?

పత్తి వ్యాపార సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. శీతాకాలంలో కొత్త పంట విరివిగా మార్కెట్టుకు వస్తుంది. వేసవి నాటికి రాక సన్నగిల్లుతుంది. కనుక అప్పుడు ధర పెరుగుతుందని ఊహించడం సహజమే. అయితే ఊహ ప్రతిసారీ నిజం కాదు. 2022 మే నెలలో 356 కిలోల క్యాండీ పత్తి ధర లక్ష రూపాయలు దాటింది. సంవత్సరాంతానికి 70 వేల దిగువకు పడిపోయింది. ఇంకా పెరుగుతుందన్న ఆశతో శిఖరం మీద కొన్న సరుకు అటువంటి వేళ భారమే అవుతుంది.

నిల్వకూ ఖర్చు ఉంది

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు ఊహించినవి, మీ అంకెలు వేసుకొని చూడండి. రెండు నెలల తరువాత వాడవలసిన 500 కిలోల నూలును కిలో 250 రూపాయల చొప్పున నేడే కొన్నారనుకుందాం. పెట్టుబడి 1,25,000 రూపాయలు.

నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున రెండు నెలల వడ్డీ: 3,750
స్థలం, కూలి: 1,000
తరుగు, పాడైనది (నూటికి అర్ధ రూపాయి): 625
మొత్తం: 5,375, అనగా కిలోకు 10 రూపాయల 75 పైసలు.

ధర కిలోకు 15 రూపాయలు పెరిగితే మిగిలేది 2,125 రూపాయలు మాత్రమే. 10 రూపాయలు తగ్గితే నష్టం 10,375 రూపాయలు. పెరుగుదల 10 రూపాయల 75 పైసలను మించుతుందన్న గట్టి ఆధారం లేనప్పుడు ముందస్తు కొనుగోలు జూదంతో సమానం.

పాటించదగిన పద్ధతులు

1. నిర్ణీత ధరకు ఆర్డరు ఒప్పుకున్న రోజునే దానికి సరిపడు నూలు ధరను ఖాయం చేసుకోవాలి. ఇది ఊహావ్యాపారం కాదు, రక్షణ.

2. ఆర్డరు లేని సరుకుకు ఒకేసారి కొనక, మూడు భాగాలుగా కొన్ని వారాల వ్యవధితో కొనాలి. అప్పుడు సగటు ధర చేతికందుతుంది.

3. మీరిచ్చే ధరల పట్టికలో "ఈ ధర పదిహేను రోజులకే వర్తిస్తుంది" అని వ్రాయాలి.

4. కార్మికుల కూలి, కరెంటు బిల్లు, ఇంటి ఖర్చు కొరకు ఉంచిన సొమ్మును నూలులో పెట్టరాదు. నూలు బస్తా శనివారంనాడు కూలి చెల్లించదు.

5. ఉద్యమ్ నమోదు చేసుకున్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు, వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికీ, కొనుగోలుదారు 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. బాకీలు సకాలంలో వసూలైతే అప్పు అవసరమే తగ్గుతుంది.

నిల్వ చేయునప్పుడు

నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆరితే తూకం తగ్గుతుంది. బస్తాలను నేలకూ గోడకూ తగలకుండా చెక్క పలకలపై పేర్చాలి. రంగు నూలును ఒకే లాటుగా ఉంచాలి. లాటు మారితే ఛాయ మారుతుంది. మగ్గాలూ నివాసమూ ఒకే కప్పు క్రింద ఉన్నచోట మెట్ల మీద, ద్వారం వద్ద, మీటరు బోర్డు సమీపాన బస్తాలు ఎన్నటికీ ఉంచరాదు. నిప్పు అంటుకున్ననాడు ఆ దారియే ప్రాణాలను కాపాడుతుంది.

అభ్యాసం: గత మూడు నెలల్లో మీరు కొన్న నూలు ధరలను తేదీలవారీగా ఒక పుస్తకంలో వ్రాసి, నిల్వ ఖర్చును పై విధంగా లెక్కించండి. తదుపరి వదంతి వినిపించిన రోజున ముందుగా ఆ పుస్తకమే తెరవండి.